జాజ్ రాదు, ఫ్రెంచ్ రాదు... అయినా వన్స్ మోర్!

కెనడాలోని మాంట్రియల్‌లో ఏటా జూన్ ఆఖర్లో ఓ పది రోజులు ఊరి నడిబొడ్డున కొన్ని వీధుల్లోకి కార్లు రావు. మామూలు రోజుల్లో బస్సులు, డెలివరీ వ్యాన్లు తిరిగే చోట స్టేజీలు లేస్తాయి. మధ్యాహ్నం మొదలైన పాట రాత్రి పొద్దుపోయేదాకా ఆగదు. టికెట్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ అసలే అక్కర్లేదు. నడుచుకుంటూ వెళ్లి నిలబడి వినడమే. అదే మాంట్రియల్ ఇంటర్నేషనల్ జాజ్ ఫెస్టివల్.

ఇది 1980లో మొదలైంది. ఆ మొదటి ఏడాది సెయింట్ లారెన్స్ నది మధ్యలో ఉన్న సెంట్ ఎలెన్ ద్వీపం మీద జరిగితే, రే చార్ల్స్ అంతటివాడు వచ్చి పాడాడు. 2004లో ప్రపంచంలోనే అతిపెద్ద జాజ్ ఫెస్టివల్‌గా గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. హాళ్లలో జరిగే పెద్ద కచేరీలకు టికెట్ ఉంటుంది కానీ, మొత్తం కార్యక్రమాల్లో మూడింట రెండొంతులు ఫ్రీ. కొత్తగా వచ్చి, ఒక్క జీతం మీద నెట్టుకొస్తున్న ఇంటికి ఈ 'ఫ్రీ' అనే మాట ఎంత కమ్మగా వినిపిస్తుందో వేరే చెప్పాలా?

పేరు జాజ్ అయినా అక్కడ జాజ్ ఒక్కటే ఉండదు. బ్లూస్, సోల్, హిప్ హాప్, ఆఫ్రికా డ్రమ్స్, లాటిన్ డాన్స్... ఒక వీధి దాటితే ఇంకో లోకం. కాబట్టి "జాజ్ అంటే మనకేం తెలుసు?" అని మొహమాటపడే పని లేదు. మాకూ తెలియదు. అయినా నలుగురం వెళ్లాం.

నలుగురం, నాలుగు రకాలు

మేం ఈ ఊరొచ్చింది జనవరిలో. మైనస్ 20 చలిలో, నాలుగు సూట్‌కేసులతో, నిద్రలో ఉన్న పాపని భుజాన వేసుకుని దిగాం. నాకు ఇక్కడి ఆఫీసులో బ్యాకెండ్ పని. కోడ్ రాయడానికి ఇంగ్లిష్ సరిపోతుంది, లంచ్ టైమ్ జోకులకి మాత్రం చాలదు. అందరూ నవ్వాక అర సెకను ఆలస్యంగా నవ్వే టీమ్ మెంబర్ని నేనే.

మా ఆవిడ హైదరాబాద్‌లో టెస్టింగ్ టీమ్‌కి లీడ్. ఇక్కడ చూసిన ఉద్యోగ ప్రకటనల్లో సగానికి పైగా ఫ్రెంచ్ అడుగుతున్నాయి. క్యూబెక్ ప్రభుత్వం కొత్తగా వచ్చినవాళ్లకి ఫ్రెంచ్ ఉచితంగా నేర్పిస్తుంది. దాన్ని ఇక్కడ ఫ్రాన్సిజాసియోన్ అంటారు. రోజూ ఆ క్లాసుకి వెళ్తుంది. "పదిమందిని నడిపించినదాన్ని, ఇప్పుడు 'ఇది యాపిల్, అది పుస్తకం' అని చదువుకుంటున్నా" అని ఓ రోజు అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ రోజు అన్నం సగమే తింది.

పాపకి నాలుగేళ్లు. ఇంట్లో నోరు మూయించలేం. గార్దెరీలో, అంటే ఇక్కడి పిల్లల డేకేర్‌లో, నాలుగు నెలల్లో ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. "అన్నీ అర్థమవుతున్నాయి, చెప్పినవన్నీ చేస్తోంది, నోరు మాత్రం తెరవట్లేదు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొంతకాలం ఇలా వింటూ ఉండిపోవడం మామూలే" అని టీచర్ ధైర్యం చెప్పింది. పగలు ఆ మాట బాగానే పనిచేస్తుంది. రాత్రి పాప నిద్రపోయాక మాత్రం మేమిద్దరం గూగుల్‌లో అదే వెతుకుతూ ఒకరికొకరం దొరికిపోయేవాళ్లం.

అమ్మ మేలో వచ్చింది. భీమవరం పక్కన మా ఊరు. అమ్మకి జనమంటే భయం. ఎప్పుడూ అలా లేదు. 2015 గోదావరి పుష్కరాల మొదటి రోజు, జులై 14న, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా చనిపోయారు. ఆ పొద్దున అమ్మ అవతలి ఒడ్డున కొవ్వూరు రేవులో ఉంది. తనకేం కాలేదు. కానీ ఫోన్లు మోగడం, రేవులో ఆడవాళ్లు అటువైపు వెళ్లిన తమవాళ్ల పేర్లు పెట్టి ఏడవడం కళ్లారా చూసింది. అప్పట్నుంచి తిరునాళ్లు లేదు, తీర్థం లేదు. పెళ్లి భోజనాలకైనా రెండో బంతికే కూర్చుంటుంది.

ఇలాంటి అమ్మని వేలమంది పోగయ్యే చోటికి తీసుకెళ్లడమా అని నేను వెనకాడుతుంటే, తేల్చింది మా ఆవిడే. "ఆర్నెల్లుగా ఈ ఊళ్లో మంచు, మెట్రో, సూపర్ మార్కెట్ తప్ప ఏం చూశాం? మీరు రాకపోతే నేనూ పాపా వెళ్తాం" అంది. అమ్మ కాసేపు ఆలోచించి షరతు పెట్టింది. "వస్తాను. కానీ నేను చాలంటే చాలు. బతిమాలించుకోను, మీరూ బతిమాలకూడదు."

ఆ షరతు బాగుందనిపించి నలుగురికీ వర్తింపజేశాం. ఎవరు 'చాలు' అన్నా అందరం వచ్చేయాలి. ఎందుకని అడగకూడదు.

పులిహోర డబ్బాకి సెక్యూరిటీ చెక్

మేముండేది పార్క్ ఎక్స్‌టెన్షన్‌లో. కరివేపాకు, ములక్కాడలు, ఇడ్లీ రవ్వ నడిచి వెళ్లేంత దూరంలో దొరికే పేట. అక్కణ్నుంచి మెట్రో. మాంట్రియల్ మెట్రో 1966 నాటిది, రైలు రబ్బరు టైర్ల మీద నడుస్తుంది. 11 ఏళ్ల లోపు పిల్లలకి పెద్దవాళ్లతో వెళ్తే టికెట్ లేదు. తలుపులు మూసుకునేటప్పుడు మూడు స్వరాలు మోగుతాయి, 'దూ దూ దూ' అని. పాపకి ఈ ఊళ్లో మొదట నచ్చింది అదే. రైలు కదిలిన ప్రతిసారీ దాంతోపాటు పాడుతుంది. ఎవరైనా ఇటు చూస్తే టక్కున ఆపేస్తుంది.

ప్లాస్ దెజార్ స్టేషన్‌లో దిగితే ఫెస్టివల్ మధ్యలో తేలతాం. ప్లాస్ దెజార్ అంటే 1963లో మొదలైన పెద్ద కళాకేంద్రం. ఒపెరా, బ్యాలే, సింఫనీ అన్నీ అక్కడే. దాని పక్కనే జాన్ మాన్స్ వీధి పొడవునా 2009లో ప్లాస్ దే ఫెస్టివాల్ అనే బహిరంగ మైదానం కట్టారు. ప్రధాన వేదిక అక్కడే ఉంటుంది. చుట్టుపక్కల సెంట్ కాథరిన్ వీధిలో, సందుల్లో చిన్న స్టేజీలు.

మేం వెళ్లేసరికి మూడు. లోపలికి వెళ్లే దారుల్లో బ్యాగులు తెరిచి చూస్తున్నారు. అమ్మ సంచిలో రెండు నీళ్ల సీసాలు, శాలువా, జండూబామ్, పులిహోర డబ్బా. సెక్యూరిటీ కుర్రాడు డబ్బా మూత తీసి, ఇంగువ వాసనకి ఒక్క క్షణం ఆగి, అమ్మ మొహంలోకి చూశాడు. అమ్మ అతని మొహంలోకి చూసింది. "బొనపెతీ" అని నవ్వి మూత పెట్టేశాడు. "ఏమన్నాడ్రా?" అంది అమ్మ. 'కడుపునిండా తినండి' అన్నాడని చెప్తే, "అడిగుంటే పెట్టేదాన్నిగా" అని వెనక్కి తిరిగి చూసింది.

లోపలికి రాగానే అమ్మ పాప మోచేతి మీద బాల్‌పెన్‌తో నా ఫోన్ నంబర్ రాసింది. ప్లస్, ఒకటి, ఆ తర్వాత పది అంకెలు. తర్వాత తన చేతి మీద కూడా రాయించుకుంది. "నాకూ భాష రాదుగా" అంది.

మూడు గంటలప్పుడు జనం పలచగా ఉంటారు. స్ట్రోలర్లతో తల్లులు, మడత కుర్చీలతో పెద్దవాళ్లు, ఐస్‌క్రీమ్‌లతో పిల్లలు. ఎండ మాత్రం మన వైజాగ్‌లో ఉన్నట్టే, ఉక్క. "కెనడా అంటే చలి" అనేవాళ్లని జూన్ ఆఖర్లో ఇక్కడికి పంపాలి. ఎండ ఎక్కువైనప్పుడు ఎదురుగా ఉన్న కాంప్లెక్స్ దెజార్దాన్ అనే మాల్‌లోకి దూరాం. ఏసీ, శుభ్రమైన టాయిలెట్లు, మధ్యలో ఫౌంటెన్. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఆ మాల్ ఒక వరం.

తినడానికి పుతీన్ కొన్నాం. వేయించిన బంగాళదుంప ముక్కల మీద జున్ను ముక్కలు వేసి, పైన వేడి వేడి గ్రేవీ పోసిస్తారు. క్యూబెక్ వాళ్ల సొంత వంటకం. శాకాహారులు మాత్రం అడిగి తీసుకోవాలి, గ్రేవీని మామూలుగా మాంసం రసంతో చేస్తారు. మా ఆవిడ క్యూలో నిలబడినంతసేపూ వాక్యం బట్టీ పట్టింది. కౌంటర్ దగ్గర తప్పులేకుండా ఫ్రెంచ్‌లో చెప్పింది. ఆ అమ్మాయి చక్కగా విని ఇంగ్లిష్‌లో జవాబిచ్చింది. మాంట్రియల్‌లో ఫ్రెంచ్ నేర్చుకునే ప్రతివాళ్ల కష్టం ఇదే. మన యాస వినగానే సాయం చేద్దామని ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. మా ఆవిడ ఇంగ్లిష్‌కి మారలేదు. ఆ అమ్మాయి ఇంగ్లిష్, ఈవిడ ఫ్రెంచ్... బిల్లు కట్టేదాకా అలాగే నడిచింది. ప్లేటు తెచ్చి నా చేతిలో పెడుతూ "వచ్చే ఏడాది చూడు" అంది.

జాజ్ ఇక్కడికెలా వచ్చింది?

అసలు జాజ్ పుట్టింది అమెరికాలో కదా, ఇంత పెద్ద పండగ కెనడాలోని ఫ్రెంచ్ ఊళ్లో ఏంటని నాకూ డౌటొచ్చింది. కథ వెనక రైల్వే ఉంది.

వందేళ్ల కిందట కెనడా రైళ్లలో స్లీపర్ పెట్టెల్లో పక్కలు వేసే, సామాన్లు మోసే పోర్టర్ల ఉద్యోగం నల్లజాతి వాళ్లకే ఇచ్చేవాళ్లు. వాళ్లకి దొరికే ఉద్యోగాల్లో కాస్త నికరమైనది అదే. అలా ఆ కుటుంబాలన్నీ మాంట్రియల్ స్టేషన్లకి దగ్గర్లో, ఇప్పుడు లిటిల్ బర్గండీ అంటున్న పేటలో స్థిరపడ్డాయి. అదే టైమ్‌లో, 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. మాంట్రియల్‌లో లేదు. తాగడానికి, ఆడడానికి, పాడడానికి జనం సరిహద్దు దాటి ఇటు వచ్చేవారు. వాళ్ల కోసం నైట్ క్లబ్బులు, క్లబ్బుల కోసం సంగీతకారులు. రూఫస్ రాక్‌హెడ్ అనే మాజీ రైల్వే పోర్టరే 1928లో రాక్‌హెడ్స్ పారడైజ్ అనే క్లబ్ పెట్టాడు. జాజ్ చరిత్ర తెలిసినవాళ్లకి ఆ పేరు బాగా గుర్తు.

ఆ పేటలోనే 1925 ఆగస్టు 15న ఆస్కార్ పీటర్సన్ పుట్టాడు. ప్రపంచంలోని గొప్ప జాజ్ పియానిస్టుల్లో ఒకడు. అతని అమ్మానాన్నలు కరీబియన్ ద్వీపాల నుంచి వలస వచ్చినవాళ్లు. నాన్న రైల్వే పోర్టర్. డ్యూటీకి వెళ్తూ పిల్లలకి సంగీతం పాఠం ఇచ్చి, రైలు దిగి ఇంటికొచ్చాక అప్పజెప్పించుకునేవాడట. అక్క డైసీ కూడా పియానో టీచరే. ఇల్లు వదిలొచ్చిన ఒక కుటుంబం, రోజుల తరబడి ఊళ్లు తిరిగే తండ్రి, ఆయన ఇచ్చిన హోమ్‌వర్క్... అందులోంచి వచ్చాడు ఆ మనిషి.

ఇదంతా నేను ఫోన్‌లో చదివి వినిపిస్తుంటే అమ్మ ఒకటే అంది. "అంటే వీళ్లూ మనలాగే వచ్చినవాళ్లేనా?"

మనలాగే అంటే పూర్తిగా కాదు. మాకు వర్క్ పర్మిట్, ముందే ఖాయమైన జీతం ఉన్నాయి. వాళ్లకి మంచం వేసే ఉద్యోగం తప్ప ఇంకోటి ఇవ్వలేదు. ఆ తేడా చెప్పాను. అమ్మ విని, "అయినా పిల్లలకి పియానో నేర్పించారు చూడు" అంది.

పల్లవి, చరణం కాదు... పల్లవి, స్వరకల్పన

ఐదున్నరకి ఓ చిన్న స్టేజీ ముందు కూర్చున్నాం. గిటార్, బేస్, డ్రమ్స్ వాయించే ముగ్గురు. మొదటి పది నిమిషాలు నాకేం ఎక్కలేదు. పాట మొదలవుతుంది, తర్వాత ఎవరి దారి వాళ్లదే అన్నట్టు ఉంటుంది. మధ్యలో ఉన్నట్టుండి చప్పట్లు. పాట అయిపోలేదు కదా, ఎందుకు కొడుతున్నారో అర్థం కాదు.

చిన్నప్పుడు ఆరేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్న మా ఆవిడ చెప్పింది. "మొదట వాయించింది పల్లవి అనుకో. దాన్ని అందరూ కలిసి వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కళ్లు ఆ పల్లవి మీదే అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు, మన స్వరకల్పన లాగా. ఒకళ్ల వంతు అయిపోగానే చప్పట్లు. చివర్లో మళ్లీ అందరూ పల్లవికి వచ్చేస్తారు." ఆ ఒక్క ముక్క తెలిశాక పాట మొత్తం తెరుచుకుంది. డ్రమ్మర్ ఒక్కడే వాయిస్తూ మిగతా ఇద్దరూ చేతులు కట్టుకుని చూస్తున్నప్పుడు అమ్మ నా చెవిలో, "ఇది తనియావర్తనం కదూ" అంది. అవును, అదే.

గిటార్ కుర్రాడు తీగని లాగి పలికిస్తుంటే అమ్మకి పాలకొల్లు గుర్తొచ్చింది. "మా పక్కూరి పిల్లాడు ఒకడుండేవాడు చూడు, మాండలిన్ శ్రీనివాస్. ఇలాగే గమకం లాగేవాడు." నిజానికి ఆ పోలిక ఊరికే వచ్చింది కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసి, 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. అప్పటికి అతనికి పద్నాలుగేళ్లు. జాజ్ వినడానికి వచ్చిన జనం మళ్లీ మళ్లీ వాయించమని అడిగారు. తర్వాత గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. 2014లో 45 ఏళ్లకే పోయాడు. యూట్యూబ్‌లో ఇప్పటికీ దొరుకుతాడు. ఈ వ్యాసం అయ్యాక ఒకసారి వినండి. జాజ్ గురించి పుస్తకం చదవడం కంటే అదే దగ్గరి దారి.

ముగ్గురూ ఆఖరి పాట వాయించి, వంగి దండం పెట్టి లోపలికి వెళ్లిపోయారు. జనం కదల్లేదు. ఒక మూల నుంచి మొదలై అందరూ లయగా అరవడం మొదలెట్టారు. "యూన్ ఓత్ర్! యూన్ ఓత్ర్!"

"ఏమంటున్నారు?" అంది అమ్మ.

"ఇంకోటి, ఇంకోటి అంటున్నారత్తయ్యా" అంది మా ఆవిడ.

"వన్స్ మోరా!" అని అమ్మ ఒక్కసారిగా నవ్వేసింది. మా ఊళ్లో పద్యనాటకం ఆడితే రాగం తీసిన ప్రతి పద్యానికీ వన్స్ మోర్ పడేది. హరిశ్చంద్రుడు కాటిసీనులో కూడా ఆగి అదే పద్యం రెండోసారి పాడాల్సిందే. తాతయ్య ముందు వరసలో కూర్చుని వన్స్ మోర్ కొట్టేవాడని అమ్మ చెప్తుంది. అమ్మ కూడా చప్పట్లు కొడుతూ "వన్స్ మోర్" అంది. పక్కనున్న పెద్దాయన అమ్మ వైపు తిరిగి బొటనవేలు చూపించాడు.

అప్పుడు నా ఒళ్లో నుంచి ఇంకో గొంతు వినిపించింది. సన్నగా, కానీ లయ తప్పకుండా. "యూన్ ఓత్ర్. యూన్ ఓత్ర్."

నేను పాప వైపు చూడబోతే మా ఆవిడ నా మోకాలు గట్టిగా నొక్కింది. చూడకు అని. మెట్రోలో ఎవరైనా చూస్తే ఆపేస్తుందిగా. ముగ్గురం స్టేజీ వైపే చూస్తూ కూర్చున్నాం. పాప అరుస్తూనే ఉంది. వాళ్లు తిరిగొచ్చి ఇంకో పాట అందుకున్నారు. తన మాట విని వచ్చారనే అనుకుని ఉంటుంది. అనుకోనీ.

తొమ్మిదిన్నర

జూన్ ఆఖర్లో ఇక్కడ సూర్యుడు దాదాపు తొమ్మిదింటి దాకా ఉంటాడు. చీకటి పడ్డాక ప్రధాన వేదిక మీద పెద్ద షో. ఎనిమిది దాటాక వీధుల రంగు మారిపోయింది. ఆఫీసుల నుంచి, రెస్టారెంట్ల నుంచి, మెట్రో మెట్ల మీద నుంచి జనం వస్తూనే ఉన్నారు. మా ఆవిడ వారం రోజులుగా ఎదురుచూస్తున్నది ఆ షో కోసమే.

ఇక్కడ కాస్త టెక్నికల్‌గా మాట్లాడుకుందాం, పనికొస్తుంది. గుంపులో ప్రమాదం జనం సంఖ్య వల్ల కాదు, ఒత్తిడి వల్ల వస్తుంది. చదరపు మీటరు చోటులో, అంటే ఇంట్లో ఉండే చిన్న పలకల టేబులంత చోటులో, ఇద్దరు ముగ్గురుంటే హాయిగా తిరగొచ్చు. నలుగురైతే భుజాలు తగులుతాయి. ఐదుగురు దాటితే ఇక మనం నడవం, గుంపే మనల్ని మోసుకుపోతుంది. అప్పుడు ఎవరూ ఎవర్నీ కావాలని తోయక్కర్లేదు. ఊపిరాడకపోవడం వల్లే ప్రాణాలు పోతాయి. 2021 నవంబర్‌లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ సంగీత కచేరీలో పదిమంది చనిపోయింది అలాగే. అందులో ఒకడు తొమ్మిదేళ్ల పిల్లాడు.

సర్వర్లతో పనిచేసేవాళ్లకి ఇది తెలిసిన లెక్కే. లోడంతా ఒకే మెషీన్ మీద, ఒకే సమయంలో పడితే అది ఎంత పెద్దదైనా కూలుతుంది. మాంట్రియల్‌లో మేం చూసినంతలో లోడ్ పంచారు. స్టేజీలు చాలా ఉన్నాయి, ఒకచోట అయ్యేసరికి ఇంకోచోట మొదలవుతోంది. దూరంగా ఉన్నవాళ్లకి కనిపించేలా స్క్రీన్లు పెట్టారు కాబట్టి అందరూ ముందుకే తోసుకురావాల్సిన పని లేదు. అన్నిటికంటే ముఖ్యం, అది నాలుగు గోడల మైదానం కాదు, వీధులు. పక్కలకి దారులుంటాయి.

మేం వెనకగా, ఒక పక్కన, బయటికెళ్లే దారికి దగ్గర్లో నిలబడ్డాం. లైట్లు ఆరి వెలిగాయి. మొదటి పాటకి వేల చేతులు లేచాయి. పాప నా మెడ మీద. మా ఆవిడ మొహం స్టేజీ వెలుగులో, ఈ ఆర్నెల్లలో నేను చూడనంత తేలిగ్గా ఉంది. మా వెనక కూడా జనం నిండారు. రెండో పాట సగంలో అమ్మ నా చొక్కా పట్టుకుంది.

"చాలు" అంది.

నేను మా ఆవిడ వైపు చూశాను. నేను చెప్పకముందే తనకి వినపడింది. ఒక్క క్షణం స్టేజీ వైపు చూసి, వెనక్కి తిరిగి అమ్మ చెయ్యి పట్టుకుని, "పదండత్తయ్యా" అంది. ఎందుకని అడగలేదు. "ఈ ఒక్క పాట" అని కూడా అనలేదు. "పార్దాన్, పార్దాన్" అంటూ తను ముందు నడుస్తుంటే జనం పక్కకి జరిగి దారిచ్చారు. మూడు నిమిషాల్లో బయటికొచ్చాం. అమ్మ అరచేయి చెమటతో తడిసి ఉంది. చేతి మీద రాసిన నంబర్ సగం చెరిగిపోయింది.

మెట్రో వైపు వెళ్లలేదు. జాన్ మాన్స్ వీధిలోనే దక్షిణంగా, దెజార్దాన్ పక్కనుంచి కిందికి నడిచాం. రెండు వీధుల అవతల అరుగు లాంటిది కనిపిస్తే కూర్చున్నాం. విచిత్రం ఏంటంటే పాట అక్కడికీ వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు కానీ గొంతు, డ్రమ్స్ స్పష్టంగా ఉన్నాయి. అమ్మ పులిహోర డబ్బా తీసింది. నలుగురం ఒకే చెంచాతో తిన్నాం. మూడో పాట, నాలుగో పాట అలాగే విన్నాం.

"నీకు చూడాలని ఉంది కదమ్మా" అంది అమ్మ, మా ఆవిడతో.

"ఉంది. మళ్లీ ఏడాది చూస్తా" అంది మా ఆవిడ. అబద్ధం చెప్పలేదు, ఓదార్చలేదు. అమ్మకి అదే నచ్చినట్టుంది. ఇంకో చెంచా పులిహోర ఆవిడ నోట్లోనే పెట్టింది.

మీరూ వెళ్తే

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి మా అనుభవంలో పనికొచ్చినవి ఇవి:

మధ్యాహ్నమే వెళ్లండి. మూడు నుంచి ఏడు దాకా సంగీతానికి లోటుండదు, జనం తక్కువ. చిన్న స్టేజీల దగ్గరే కూర్చునే వీలు.

రావడానికి ఒక స్టేషన్, పోవడానికి ఇంకోటి. రాత్రి షో అయ్యాక అందరూ ప్లాస్ దెజార్‌కే వెళ్తారు. చైనాటౌన్ మీదుగా పది నిమిషాలు కిందికి నడిస్తే ప్లాస్ దార్మ్ స్టేషన్, ఆరెంజ్ లైన్. మేం అక్కడే ఎక్కాం, సీట్లు దొరికాయి.

చిన్నపిల్లలకి చెవులు కప్పే హెడ్‌ఫోన్స్ కొనండి. పాటలు వినడానికి కాదు, శబ్దం తగ్గించడానికి. పెద్ద స్పీకర్లకి ఎదురుగా నిలబడకండి.

పిల్లల చేతి మీద, భాష రాని పెద్దవాళ్ల చేతి మీద ఫోన్ నంబర్ రాయండి. బాల్‌పెన్ వద్దు, చెమటకి పోతుంది. మార్కర్ అయితే నయం.

నిలబడే ముందు బయటికి దారి ఎటో చూసుకోండి. ఛాతీ మీద ఒత్తిడి తెలుస్తుంటే అప్పటికే ఆలస్యం. భుజాలు తగలడం మొదలైనప్పుడే పక్కకి వచ్చేయాలి. వెనక్కి తిరిగి ఎదురీదడం కంటే ఏటవాలుగా అంచు వైపు జరగడం తేలిక.

వాన కోటు పెట్టుకోండి. ఇక్కడి వేసవి వాన చెప్పి రాదు.

ఇక ఆఖరిది, ఎవరు 'చాలు' అన్నా చాలు. ఇది ముందే ఒప్పుకుని వెళ్లండి. మా అమ్మ ఆ జనంలో ఆరేడు గంటలు ఉండగలిగింది ఆ మాట చేతిలో ఉండబట్టే.

ఆ తర్వాత

ఆ తర్వాత పెద్దగా ఏమీ మారలేదు. మా ఆవిడ ఉద్యోగం వెతుకుతూనే ఉంది. ఫ్రెంచ్‌లో రెండో లెవెల్‌కి వచ్చింది. అమ్మ జులైలో ఇండియా వెళ్లిపోయింది. జనమంటే భయం అలాగే ఉంది. మా పిన్నితో ఫోన్‌లో చెప్తుంటే విన్నాను. "కచేరీకి వెళ్లామే. బోల్డంత జనం. మధ్యలో వచ్చేశాం. అయినా సగం విన్నాం."

పాప గార్దెరీలో సోమవారం మాట్లాడలేదు. మంగళవారం కూడా మాట్లాడలేదు. గురువారం సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే టీచర్ గుమ్మం దగ్గరే ఎదురొచ్చింది. మధ్యాహ్నం పిల్లలందర్నీ కూర్చోబెట్టి కథ చదివిందట. కథ అయిపోయి పుస్తకం మూసిందట. వెనక వరస నుంచి మా పాప రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతూ, లయ తప్పకుండా, "యూన్ ఓత్ర్! యూన్ ఓత్ర్!" అని అరిచిందట.

టీచర్ ఇంకో కథ చదివింది.